సున్నం కొట్టిన తరగతి గదులు

పోయిన ఏడాది మే నెలలో మా బడి కమిటీ సమావేశమైంది. అజెండాలో మూడో అంశం ఒకటో తరగతి, రెండో తరగతి గదుల అలంకరణ. పెయింటరు ఇచ్చిన కొటేషన్ రూ. 18,500. పక్క వీధిలో కొత్తగా తెరిచిన ప్రైవేటు బడి గోడలు ఎలా మెరిసిపోతున్నాయో ఒకరు ఫోనులో ఫోటో తీసి చూపించారు. అందరం తలలూపాం. టీ తాగాం. సంఘకాపరిగా కమిటీలో నాకూ ఒక కుర్చీ ఉంది కాబట్టి నేనూ సంతకం పెట్టాను. ఆ సంతకం విషయంలో నాతో నేను పెట్టుకున్న తగాదాయే ఈ వ్యాసం. మీలో చాలామంది క్రైస్తవ బడుల్లో చదివినవాళ్ళు, పాఠాలు చెబుతున్నవాళ్ళు, కమిటీల్లో కూర్చునేవాళ్ళు. అందుకే మిమ్మల్నీ ఇందులోకి లాగుతున్నాను.

మా సంఘం ఉత్తర చెన్నైలో ఉంది. మూడు నాలుగు తరాల కింద నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపుల నుంచి వచ్చి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనిలో కుదురుకున్న కుటుంబాలు మాలో ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. బెంగళూరు పౌరకార్మికుల కాలనీల్లో ఉన్న మనవాళ్ళకూ, బళ్ళారి, బరంపురం, షోలాపూరుల్లో ఉన్నవాళ్ళకూ వీధి భాష పేరు మార్చుకుంటే ఇదే కథ.

జూన్‌లో బడి తెరిచేసరికి ఒకటో తరగతి గది గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఒక గోడ మీద మిక్కీ మౌస్. ఇంకో గోడ మీద ఛోటా భీమ్. మూడో గోడ మీద మంచు కొండలు, పొగగొట్టం ఉన్న ఇల్లు, ఎర్రటి ఆపిల్ చెట్టు. బోర్డు పైన థర్మాకోల్‌తో కోసి చమ్కీ అద్దిన ఇంగ్లీషు అక్షరాలు. గేటు దగ్గర కట్టిన ఫ్లెక్స్ బ్యానర్ మీద ఆ గది ఫోటోయే వేశారు. అందరి వాట్సాప్ స్టేటస్‌లోనూ అదే గది. కరెస్పాండెంట్ గారు ఎంతో సంతోషించారు. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు.

ఆ గదిలో నేను గురువారాలు నీతిబోధ చెబుతాను. జూలైలో ఒక గురువారం వెళ్ళేసరికి టీచరమ్మ ముఖం ఎర్రగా ఉంది. ప్యారిస్ కార్నర్‌లో కొనుక్కొచ్చిన ‘అవర్ హెల్పర్స్’ చార్టు ఒక మూల చిరిగి వేలాడుతోంది. ఇలాంటి చార్టు మీరూ చూసే ఉంటారు. డాక్టరు, నర్సు, పోలీసు, పోస్ట్‌మ్యాన్, టీచరు, దర్జీ, ఇలా గళ్ళు గళ్ళుగా మనకు సాయం చేసేవాళ్ళ బొమ్మలు. చివరి వరసలో, చివరి గడిలో చీపురు పట్టుకుని వంగి ఊడుస్తున్న మనిషి. చిరిగింది సరిగ్గా ఆ గడే. ఒక పిల్ల బెంచీ ఎక్కి, పెన్సిలు మొనతో ఆ బొమ్మను పొడిచి పొడిచి చించింది. “మీ సంఘపు పిల్లే అయ్యగారూ, మీరే అడగండి” అన్నది టీచరమ్మ.

అంతకు ముందు రోజు పాఠంలో ఆ బొమ్మ వచ్చింది. ఒక కుర్రాడు వేలు పెట్టి చూపిస్తూ “అది వాళ్ళ నాన్న” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. టీచరమ్మ కూడా నవ్వు ఆపుకోలేక “సైలెన్స్” అన్నదట. అంతే జరిగింది. కొట్టలేదు, తిట్టలేదు. ఎందుకమ్మా చించావని ఆ పిల్లను అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగులో, చాలా చిన్న గొంతుతో, “మా నాన్న అట్టా ఉండడు” అన్నది.

అప్పుడు ఆ చార్టును మొదటిసారి సరిగ్గా చూశాను. డాక్టరుకు తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. పోలీసుకు టోపీ, బూట్లు. పోస్ట్‌మ్యాన్‌కు ఖాకీ యూనిఫారం, సంచీ. ఊడ్చే మనిషికి మాత్రం చిరుగుల బనీను, చేతికి తొడుగు లేదు, కాలికి చెప్పు లేదు. అందరూ నిటారుగా నిలబడి మనవైపు చూస్తుంటే అతనొక్కడే నేలవైపు చూస్తున్నాడు. ఇలాంటి బొమ్మను ఆరేళ్ళ పిల్ల ముందు వేలాడదీసి, ఇదిగో మీ నాన్న అని చెప్పించింది మేమే. దానికి రూ. 18,500 ఖర్చు పెట్టి చుట్టూ రంగులు వేయించాం.

ఆ సాయంత్రం వాళ్ళ అమ్మను పిలిపించారు. ఆ తరగతి గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. ప్రతి ఉదయం గేటు దాకా వస్తుంది, అక్కడి నుంచే వెనక్కి వెళ్తుంది. కమిటీ పెద్ద ఒకాయన మంచి మనసుతోనే “పోనీ ఆ బొమ్మ తీసేద్దాం, చార్టే మార్చేద్దాం” అన్నారు. ఆమె ఏమన్నదో అలాగే రాస్తున్నాను: “బొమ్మ పీకేస్తే మా పని పోతాదా అయ్యగారూ? ఆ బొమ్మకి చేతికి గ్లౌసులు, కాలికి బూట్లు ఎయ్యండి. మాకియ్యనిది దానికన్నా ఇయ్యండి.”

ఆ తర్వాత నెలలోనే, 2025 ఆగస్టులో, రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్య పనిని ప్రైవేటువాళ్ళకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు కూర్చున్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు వాళ్ళను అక్కడి నుంచి లేపేసేదాకా కూర్చునే ఉన్నారు. ఆ తల్లి కూడా వాళ్ళలో ఉంది. ఆ రోజుల్లో ఆ పిల్ల మా తరగతిలో, మిక్కీ మౌస్ కింద కూర్చుని ఆపిల్ చెట్టును చూస్తూ ఉంది. బయట తన తల్లి చేస్తున్నది ఎంత గౌరవమైన పనో చెప్పే అక్షరం ఒక్కటి కూడా ఆ నాలుగు గోడల మీద లేదు.

నా మాట సూటిగా చెప్తాను. మన క్రైస్తవ ప్రాథమిక బడుల్లో తరగతి గది అలంకరణ పిల్లల కోసం జరగడం లేదు. అది గేటు దగ్గర నిలబడి అడ్మిషన్ గురించి ఆలోచించే తండ్రి కోసం, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే అధికారి కోసం, విరాళం ఇచ్చే విదేశీ అతిథి తీసుకునే ఫోటో కోసం జరుగుతోంది. ప్రభువు శాస్త్రులతో, పరిసయ్యులతో మాట్లాడుతూ సున్నం కొట్టిన సమాధుల పోలిక ఎందుకు తెచ్చాడో మనం ఏడాదికి రెండుసార్లన్నా ప్రసంగిస్తాం. మే నెలలో మాత్రం డిస్టెంపర్ డబ్బాలు తెప్పిస్తాం.

నమ్మకపోతే ఒక పని చేయండి. మీ బడి ఒకటో తరగతిలోకి వెళ్ళి, పిల్లలు కూర్చునేచోట కూర్చోండి. బెంచీలు లేకపోతే నేల మీద కూర్చోండి. అక్కడి నుంచి గోడ చూడండి. మా గదిలో చార్టులన్నీ ఐదడుగులకు పైనే ఉన్నాయి. అది మన కళ్ళ ఎత్తు. కింద, పిల్లల కళ్ళకూ చేతులకూ అందేచోట ముదురు నీలం ఎనామెల్ పెయింటు పట్టీ, దానికో హెచ్చరిక: గోడ ముట్టుకోవద్దు.

ఈ విషయం కొత్తదేమీ కాదు. 1907లో మరియా మాంటిస్సోరీ రోమ్ నగరంలో సాన్ లొరెంజో అనే కూలీల పేటలో తన మొదటి బాలల ఇల్లు తెరిచింది. మన కాలనీల్లాంటి పేటే అది. అక్కడ గోడ పొడవునా కింది భాగంలో, పిల్లలే రాసుకునేట్టు, నల్లబోర్డులు బిగించింది. పైన కొద్దిపాటి మంచి చిత్రాలు పెట్టి అప్పుడప్పుడూ మారుస్తూ ఉండేది. ఆ తల్లే 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అడయారు మా బడికి సిటీ బస్సు దూరం. ఆ కింది నల్లబోర్డు మాత్రం మా బడి దాకా రాలేదు.

మన దేశంలోనే కబీర్ వాజపేయి అనే ఆర్కిటెక్టు, ఆయన విన్యాస్ సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో ‘బాల’ అనే పద్ధతిని తయారు చేశారు. బడి కట్టడమే బోధనా సామగ్రి కావాలన్నది అందులోని ఆలోచన. తలుపు ఎంత తెరిస్తే ఎంత కోణం అవుతుందో తలుపు కింద నేల మీదే గీసి పెడతారు. కిటికీ ఊచలను పిల్లలు వేలితో దిద్దుకునే ఆకారాల్లో వంచుతారు. గోడ కింది భాగాన్ని పిల్లల బోర్డుగా మారుస్తారు. ఎన్నో ప్రభుత్వ బడుల్లో ఇది చేశారు. నల్లబోర్డు పెయింటు డబ్బా, ఒక పూట మనిషి కూలీ చాలు. మా రూ. 18,500లో ఒక మూలకు కూడా రాదు ఆ ఖర్చు.

ఇక ఆ మిక్కీ మౌస్‌ల వల్ల పిల్లలకు ఉత్సాహం వస్తుందనేవాళ్ళకు ఒక సంగతి. 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని సైన్సు పాఠాలు నిండా అలంకరించిన గదిలో, మరికొన్ని దాదాపు ఖాళీ గోడల గదిలో చెప్పించారు. నిండా బొమ్మలున్న గదిలో పిల్లలు ఎక్కువసేపు పక్కచూపులు చూశారు. పరీక్షలో అక్కడ విన్న పాఠాల ప్రశ్నలకు సరైన జవాబులు 42 శాతం, ఖాళీ గోడల గదిలో విన్న పాఠాలకు 55 శాతం. చిన్న పరిశోధనే, దాన్నిబట్టి గోడలన్నీ బోడిగా ఉంచమని నేననడం లేదు. డబ్బు పోసి మనం కొంటున్నదానిలో ఎంతో కొంత పరధ్యానం కూడా ఉందని మాత్రం తెలుసుకుందాం.

ఇప్పుడు భాష సంగతి. ఇక్కడ నాకు కోపం ఎక్కువే వస్తుంది, ఓర్చుకోండి.

ఆ గదిలో 38 మంది పిల్లలు. 20 మందికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడతారు. గోడల మీద ఇంగ్లీషు ఉంది, చట్టం ఉంది కాబట్టి తమిళం ఉంది. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. తమిళం మీద నాకు ఫిర్యాదు లేదు. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం మన పిల్లలు తమిళం నేర్చుకోవాల్సిందే, నేర్చుకోవడం మంచిదే. ఈ నేల మీద బతికేవాళ్ళు ఈ నేల భాష రాకుండా ఎలా బతుకుతారు? కన్నడమైనా, ఒడియా అయినా, మరాఠీ అయినా అంతే. కానీ ఒక చార్టు పేపరు మీద అ, ఆ, ఇ, ఈ రాసి తమిళ అక్షరాల పక్కన అంటించడానికి ఏ చట్టం అడ్డం వచ్చింది? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని 1956లోనే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. ప్రభుత్వం చేయలేదని మెమొరాండాలు ఇస్తాం, మంచిదే, ఇవ్వాలి. మన సొంత బడి గోడ మీద మనం చేయనిది ప్రభుత్వాన్ని ఏ ముఖంతో అడుగుతాం?

దీని ఫలితం ఆదివారం కనబడుతుంది. మా యౌవనస్థుల్లో సగం మంది తెలుగు బైబిలు చదవలేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు స్క్రీన్ మీద ఇంగ్లీషు లిపిలో వేస్తేనే పాడతారు. అందుకు వాళ్ళను మందలిస్తాం. వాళ్ళ తప్పేముంది? ఆరేళ్ళ వయసులో కళ్ళ ముందు ఏ అక్షరాలు పెట్టామో అవే వచ్చాయి. యానాంలో చుట్టూ తెలుగే ఉన్నా, అక్కడి కొన్ని ఇంగ్లీషు మీడియం గదుల్లో ‘ఎ ఫర్ ఆపిల్’ తప్ప మరో అక్షరం కనబడదని అక్కడి మిత్రులు చెబుతున్నారు. అంటే ఇది ప్రవాసంలో ఉన్నందువల్ల వచ్చిన జబ్బు మాత్రమే అనుకోలేం.

ఇంకో మాట చెబితే కొందరు పెద్దలకు కష్టంగా ఉంటుంది. మన బడులు రాజ్యాంగం 30వ అధికరణం కింద అల్పసంఖ్యాక సంస్థలు. ఆ హక్కు కోసం మన సంస్థలు కోర్టుల్లో గట్టిగా పోరాడాయి. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక బడులకు వర్తించదని తీర్పు ఇచ్చింది. పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న నిబంధన ఒక్కటే దాంతో పోలేదు. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్న మాట, పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదన్న మాట కూడా ఆ చట్టంలోనివే. పేదల బిడ్డను చేర్చుకోవాల్సి వచ్చినప్పుడు మనకు అల్పసంఖ్యాక హక్కు గుర్తుకొస్తుంది. గోడ మీద అల్పసంఖ్యాకుల భాష రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం గుర్తుకు రాదు. ఫీజు కట్టనివాళ్ళ పేర్లు నల్లబోర్డు మూలన రాసి, చెరపవద్దని చుట్టూ గీత గీసే బడులు నాకు తెలుసు. రోజంతా ఆ పేరు చూస్తూ ఆ పిల్లవాడు కూడికలు చేయాలి. వేధింపు అంటే ఇదే. మన మీద ఆ సెక్షను వర్తించకపోవచ్చు. వాక్యం వర్తించదా?

యేసు చిత్రం గురించి రెండు మాటలే. మా గదిలో ఉన్నది 1940లో అమెరికాలో వార్నర్ సాల్‌మన్ గీసిన చిత్రానికి నకలు. లేత గోధుమరంగు జుట్టు, తెల్లటి చర్మం. గలిలయ ఎండలో చెక్క పని చేసుకునే ఇంట్లో పెరిగినవాడు అలా ఉండడు. నల్లగా ఉన్న పిల్ల చిరుగుల బనీను మనిషిలో తన తండ్రిని, తెల్లని ముఖంలో దేవుణ్ణి చూడాల్సి వస్తే, ఆ రెంటి మధ్య దూరం కొలిచి పెట్టింది మన గోడే. చిత్రం తీసేయాలా వద్దా అని సంఘాల్లో కొట్టుకోవద్దు. పక్కన ఇంకోటి పెట్టండి, పిల్లలనే గీయమనండి.

ఇక ఎవరు ఎక్కడ కూర్చుంటారు? అలంకరణ గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని అలంకరణలో కలపరు, నేను కలుపుతాను. అంబేడ్కర్ సతారాలో చదువుకున్నప్పుడు తరగతిలో విడిగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవాడు. సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకెళ్ళేవాడు, బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టడు కాబట్టి. ఆయనే రాసుకున్నాడు. ఇప్పుడు గోనెపట్టా లేదు, నిజమే. వెనక బెంచీ ఉంది. మా గదిలో ముందు రెండు వరసల్లో ఎవరున్నారో ఒకసారి రాసుకున్నాను. ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు, కమిటీ సభ్యుల బంధువుల పిల్లలు, తెల్లగా ఇస్త్రీ బట్టల్లో వచ్చే పిల్లలు. చివరి వరసలో కాలనీ పిల్లలు. ఎవరూ కులం చూసి కూర్చోబెట్టలేదని టీచరమ్మ ఒట్టు పెట్టింది. ఆమె మాట నమ్ముతాను. చూడకుండానే అంత చక్కగా కుదిరిందంటే భయం ఇంకా ఎక్కువ వేసింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టే సంఘం గురించి ఉంది. మన ఆరాధనలో అలా జరగకుండా జాగ్రత్త పడతాం. సోమవారం అదే ఆవరణలో ఏం జరుగుతుందో చూడం. మిషనరీల కాలంలో మన పూర్వీకుల గూడేల్లో ఒకే పాక ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. అప్పుడు ఈ తేడాకు చోటే లేదు.

2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని, అడ్డం వచ్చిన అతని చెల్లెలిని తోటి విద్యార్థులే కత్తులతో నరికిన తర్వాత జస్టిస్ చంద్రు కమిటీని వేశారు. 2024లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ చేసిన సిఫారసుల్లో ఒకటి, పిల్లలను పేర్ల అక్షరక్రమంలో కూర్చోబెట్టాలని. మంచిదే, కాకపోతే ఇంగ్లీషు అక్షరక్రమంలో మా యేసుదాసులు పదో తరగతి దాకా చివరి బెంచీలోనే ఉండిపోతారు. అందుకని వారం వారం వరసలు మార్చడం మేలు. ‘స్థానార్థి శ్రీకుట్టన్’ అనే మలయాళ సినిమా చూసి 2025లో కేరళలో కొన్ని బడులు బెంచీలను గోడల వెంబడి వేసి అసలు వెనక వరసే లేకుండా చేశాయి. శిష్యులు ఎవరు గొప్ప అని వాదించుకుంటున్నప్పుడు ప్రభువు ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చి వాళ్ళ మధ్య నిలబెట్టాడు. 38 మందితో మధ్య జాగా ఎక్కడిదని టీచర్లు అడుగుతారు. గది చిన్నదైతే వరసలు తిప్పండి, ఖర్చు లేదు.

గది ఊడ్చేది ఎవరన్నదీ గోడ మీద బొమ్మ ఎవరిదన్నదీ వేర్వేరు ప్రశ్నలు కావు. 2023 డిసెంబరులో కోలారు జిల్లా మాలూరు తాలూకాలో ఒక వసతి బడిలో దళిత పిల్లలను మలం గుంటలోకి దింపి శుభ్రం చేయించిన వార్త మీరు చదివే ఉంటారు. అంత ఘోరం మా దగ్గర లేదు. కానీ చమ్కీ, థర్మాకోల్ ముక్కలు నేలంతా పడ్డ రోజు చీపురు ఎవరి చేతికి ఇచ్చారో కనుక్కున్నాను. వెనక వరస పిల్లలకు. “వాళ్ళకు అలవాటే కదా” అన్నారు. ఆరేళ్ళ పిల్లలకు ఏం అలవాటు? అందరూ వంతులవారీగా ఊడ్చుకుంటే అది మంచి చదువే, దానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఆ వంతుల పట్టీ గోడ మీద పెట్టండి. కరెస్పాండెంట్ గారి మనవరాలి పేరు కూడా అందులో ఉండాలి.

ఇదంతా టీచరమ్మల మీదకు నెట్టడం నాకు ఇష్టం లేదు. మా ఒకటో తరగతి టీచరమ్మ జీతం ఇక్కడ రాయడానికి కమిటీ సభ్యుడిగా నాకు సిగ్గుగా ఉంది. ఆమె ఆ థర్మాకోల్ అక్షరాలు రెండు రాత్రులు ఇంట్లో కూర్చుని కోసింది. చార్టులు, స్కెచ్ పెన్నులు, సెల్లోటేపు తన డబ్బుతో కొన్నది. ‘బెస్ట్ క్లాస్’ పోటీ పెట్టి, గెలిచిన తరగతికి ఒక కప్పు ఇస్తాం కదా, ఆ కప్పు కోసం. ఆమెదీ తెలుగు ఇల్లే. బడిలో తెలుగు మాట్లాడితే తక్కువగా చూస్తారని ఆమెకూ భయమే. పెయింటరుకు కొటేషన్ అడిగిన కమిటీ, గోడ మీద ఏముంటే నీ పిల్లలకు పాఠం సులువవుతుందని ఆమెను ఒక్కసారి అడగలేదు.

“తల్లిదండ్రులే రంగులు కోరుకుంటున్నారు, లేకపోతే పక్క బడికి పోతారు.” కమిటీలో నాకు ఎదురైన గట్టి వాదం ఇదే, దీన్ని కొట్టిపారేయను. బడి నడవాలంటే పిల్లలు చేరాలి. కానీ వాళ్ళు గేటు బయట నుంచి చూసి నిర్ణయించుకుంటున్నారంటే, గేటు లోపలికి మనం రానివ్వలేదు కాబట్టి. తన బిడ్డ గీసిన బొమ్మ, తన బిడ్డ రాసిన మొదటి తెలుగు అక్షరం పేరుతో సహా గోడ మీద కనబడితే, ఛోటా భీమ్ బాగా లేడని ఏ తల్లీ పక్క బడికి పోదని నా నమ్మకం. తప్పయితే ఒక ఏడాది చూసి నన్ను నిలదీయండి.

మొన్న మార్చిలో కమిటీ ముందు ఈ సంగతులన్నీ పెట్టాను. గోడ కింది భాగంలో నల్లబోర్డుకు ఒప్పుకున్నారు. తమిళ అక్షరాల పక్కన తెలుగు అక్షరాలకు, కాసేపు వాదన తర్వాత, ఒప్పుకున్నారు. ‘స్టార్ ఆఫ్ ద వీక్’ బోర్డు తీయడానికి ఒప్పుకోలేదు. ఫీజు పేర్లు బోర్డు మీద రాయకూడదన్న తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది. వరసలు మార్చే సంగతి టీచర్ల ఇష్టానికి వదిలేశారు. మా ఒకటో తరగతి టీచరమ్మ ఆ మరుసటి సోమవారం నుంచే మార్చడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండానే.

ఈసారి మూడో తరగతి గదికి కొటేషన్ వచ్చింది, రూ. 11,000. ఇంకా నేను సంతకం పెట్టలేదు. మే రెండో శనివారం సమావేశానికి ఒక కొలత టేపు, ఒక నల్లబోర్డు పెయింటు డబ్బా బిల్లు, కొత్త ‘సహాయకుల’ చార్టు తీసుకెళ్తున్నాను. చార్టు మా యౌవనస్థుల కూడికలో ఒకమ్మాయి గీస్తోంది. ఊడ్చే మనిషికి గ్లౌసులు, బూట్లు, మెరిసే జాకెట్టు వేసింది. అతను కూడా మనవైపే చూస్తున్నాడు. గ్లౌసులు ఏ రంగువని ఆ పిల్ల తల్లిని అడిగి రమ్మని పంపాను. “మాకు ఇచ్చినప్పుడు చూసి చెప్తా” అన్నదట.